పుదుచ్చేరి ఆవంలో కొత్త శిల్పం

1980ల నడుమ మొదలుపెట్టి పదేళ్లకు పైగా, పుదుచ్చేరి, ఆరోవిల్ పరిసరాల్లో ఒక అమెరికన్ సిరామిక్ కళాకారుడు ఇళ్లు కట్టి, వాటికి తనే నిప్పు పెడుతూ వచ్చాడు. పచ్చి ఇటుకలతో, మట్టి అడుసుతో కమానులూ గుమ్మటాలూ లేపేవాడు. గదుల నిండా మరిన్ని పచ్చి ఇటుకలు, పెంకులు పేర్చేవాడు. గుమ్మాలు మూసి, కట్టెలు ఎగదోసి రోజుల తరబడి కాల్చేవాడు. మంట చల్లారాక లోపలి సరుకు అమ్మితే కట్టెల ఖర్చులో కొంత తిరిగొస్తుంది. గోడలు కాలి గట్టిపడిన ఇల్లు మిగులుతుంది.

ఇల్లే ఆవం, ఇల్లే కుండ.

ఆయన పేరు రే మీకర్. ఇరాన్‌కు చెందిన వాస్తుశిల్పి నాదర్ ఖలీలీ చేసిన ప్రయోగాలు ఆయనకు ప్రేరణ. కాల్చిన ఇళ్లు పేదవాడి గూడుగా ఊరూరా వ్యాపించలేదు. కానీ దేశంలో ఎక్కడ సమకాలీన సిరామిక్ శిల్పాల బృంద ప్రదర్శన పెట్టినా, అందులో పాల్గొనే కళాకారుల గురుపరంపర తరచూ ఈయన పనిశాల గుమ్మం దాకా వెళ్తుంది.

ఆ పనిశాల గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ. 1971లో పుదుచ్చేరిలో మొదలైంది. మీకర్‌తో పాటు దాన్ని నెలకొల్పిన డెబొరా స్మిత్ జపాన్‌లోని బిజెన్‌లో కుండల పని నేర్చుకున్నారు. మీకర్ లాస్ ఏంజెలిస్‌లో వాస్తుశిల్పమూ సిరామిక్సూ చదివారు. శ్రీ అరవిందాశ్రమం అండతో మొదలైన చోట వాళ్లు చేసింది కళాఖండాలు కాదు. కప్పులు, పళ్లేలు, గిన్నెలు, టీ కూజాలు. పనికి పెట్టుకున్నది చుట్టుపక్కల ఊళ్ల వాళ్లను. బట్టీలో కట్టె కోస్తా తోటల్లో పెరిగే సరుగుడు.

మామూలు కుండకు వెయ్యి డిగ్రీల లోపు వేడి చాలు. అలా కాలిన మట్టి నీటిని పీలుస్తుంది, అందుకే మన కుండలో నీళ్లు చల్లగా ఉంటాయి. ఇక్కడ చేసింది స్టోన్‌వేర్. దానికి 1,200 డిగ్రీలు దాటాలి. అంత వేడిలో మట్టి రాయిలా బిగుసుకుంటుంది, పైపూత గాజులా కరిగి అంటుకుంటుంది. కట్టెలతో అంత వేడి తెప్పించడం మాటలు కాదు. గంటల కొద్దీ పొయ్యి దగ్గర మనిషి ఉండాలి. మంట రంగు, పొగ తీరు చూస్తూ కట్టె వేయాలి. ఎగిరిన బూడిద పాత్రల మీద పడి, కరిగి, తనే ఒక పూత అవుతుంది. ఏ పాత్ర ఏ రంగులో బయటికొస్తుందో తలుపు తెరిచేదాకా పూర్తిగా తెలియదు.

స్మిత్ ఉత్పత్తి చూసుకుంటే, మీకర్ విద్యార్థులను తీసుకోవడం మొదలుపెట్టారు. వచ్చినవాళ్లు ముందు సారె దగ్గర కూర్చుని ఒకే రకం గిన్నె మళ్లీ మళ్లీ తీయాలి. గోడ మందం చేతికి తెలియాలి. శిల్పం సంగతి ఆ తర్వాత. అంజని ఖన్నా, మాధ్వి సుబ్రహ్మణ్యన్, వినీత్ కక్కర్ వంటివాళ్లు అలా తయారైనవాళ్లే. వాస్తుశిల్పం వదిలి వచ్చిన ఆదిల్ రైటర్ ఆరోవిల్‌లోని మండల పాటరీలో స్థిరపడ్డారు. ఇటు పనివాళ్లలోనూ కొందరు బయటికెళ్లి సొంత బట్టీలు పెట్టుకున్నారు. ‘పాండిచ్చేరి పాటరీ’ అని దుకాణాల్లో వినిపించే పేరు వెనక వాళ్ల చెమట ఉంది.

దేశంలో ఇది తొలి ప్రయత్నమేమీ కాదు. అంతకు అర్ధశతాబ్దం ముందే సర్దార్ గురుచరణ్ సింగ్ జపాన్ వెళ్లి బెర్నార్డ్ లీచ్, హమదా వంటి స్టూడియో కుమ్మరులను కలిసి, తర్వాత ఢిల్లీ బ్లూ పాటరీతో స్టూడియో కుండలకు బాట వేశారు. 1991లో ఆయనకు పద్మశ్రీ దక్కింది. ఈ రంగంలోని తెలుగువాళ్లలో కొందరు బరోడా కళాశాల దారిన వచ్చారు. హైదరాబాద్‌లో లలిత కళలు చదివి బరోడా వెళ్లిన పి.ఆర్. దరోజ్, ఢిల్లీలో ఉంటూ తోరణాలు, స్తంభాలు, గోడలంత సిరామిక్ కుడ్యచిత్రాలు చేశారు. 1956లో సూర్యాపేటలో పుట్టిన జి. రవీందర్ రెడ్డి బరోడా తర్వాత లండన్‌లో సిరామిక్స్ నేర్చుకున్నారు. బంగారు మొహం, విప్పారిన కళ్లు, పూల కొప్పుతో ఆయన చేసిన ఫైబర్‌గ్లాస్ స్త్రీ శిరస్సులు అందరికీ తెలుసు. తొలినాళ్లలో ఆయన చేతిలో ఉన్నది టెర్రకోటా.

పుదుచ్చేరికి మట్టితో ఉన్న చుట్టరికం చాలా పాతది. ఊరికి దక్షిణాన ఉన్న అరికమేడులో 1945లో పురావస్తు శాస్త్రవేత్త మార్టిమర్ వీలర్ తవ్వించినప్పుడు మధ్యధరా తీరపు మద్యం జాడీల ముక్కలు, ఇటలీలోని అరెజ్జో ఎర్ర పాత్రల పెంకులు దొరికాయి. అడుగున వలయాలుగా చుక్కల వరుసలున్న నున్నటి నల్ల పళ్లేలు కూడా బయటపడ్డాయి. రౌలెటెడ్ వేర్ అనే ఈ పళ్లేలను మొదట్లో విదేశీ సరుకనుకున్నారు. మట్టిని పరీక్షించాక భారతదేశంలోనే చేసినవన్న అభిప్రాయం బలపడింది. మన ధరణికోట, శాలిహుండం తవ్వకాల్లోనూ ఇలాంటి ముక్కలే దొరికాయి. అంత పాత రోజుల్లోనే ఒక నమూనా తీరమంతా తిరిగిందన్నమాట.

ఇక తమిళ పల్లెల్లో ఊరి కావలి దేవుడు అయ్యనారు గుడి ముందు వరుసగా నిలబడే మట్టి గుర్రాలు. మనిషిని మించిన ఎత్తున వాటిని నిలబెట్టి కాల్చిన కుమ్మరికి గ్యాలరీ అవసరం పడలేదు. ఊరి మొక్కే ఆయనకు పని ఇచ్చింది. పెద్ద మట్టి ఆకారం పగలకుండా ఎలా కాల్చాలన్న ప్రశ్నతోనే ఆయనా తలపడ్డాడు: లోపల బోలు ఉంచాలి, ఆవిరి పోయే దారి వదలాలి, మెల్లగా ఆరనివ్వాలి. నేటి సిరామిక్ శిల్పికీ ఈ మూడూ తప్పవు.

2018లో జైపూర్‌లోని జవహర్ కళా కేంద్రంలో ‘బ్రేకింగ్ గ్రౌండ్’ పేరుతో తొలి భారతీయ సిరామిక్స్ ట్రైయెన్నియల్ జరిగింది. 40 మందికి పైగా కళాకారులు పాల్గొన్నారు. మట్టి అక్కడ పీఠం మీది బొమ్మగా ఆగిపోక, గదంతా పరుచుకునే ఇన్‌స్టలేషన్‌గా మారింది. నిర్వాహక బృందంలో ఖన్నా, సుబ్రహ్మణ్యన్, కక్కర్ ఉన్నారు. పుదుచ్చేరిలో గిన్నెలు తీసిన చేతులు కూడా ఈ వేదికను కట్టాయి.

పుదుచ్చేరికి దగ్గర్లోని విల్లియనూర్‌లో మరో పరంపర సాగుతోంది. అక్కడి టెర్రకోటాకు భౌగోళిక గుర్తింపు ఉంది. కుమ్మరి కుటుంబం నుంచి వచ్చిన వి.కె. మునుసామి కృష్ణపక్తర్‌కు 2020లో పద్మశ్రీ వచ్చింది. ఒకే ప్రాంతపు ఈ టెర్రకోటాకూ స్టూడియో సిరామిక్స్‌కూ కొనేవాళ్లు వేరు, అమ్మే చోట్లు వేరు. స్థానిక కళాకారుల పేరిట ప్రదర్శన పెట్టేవాళ్లు వీటిని ఒకే గదిలోకి తేవాలనుకుంటే, మొదట సారె దగ్గర కూర్చునే ఇద్దరికీ ఒకే రకం ఆహ్వానపత్రం పంపాల్సి ఉంటుంది.