కండరాల జబ్బులో కాలివాపు – రక్తపు గడ్డకు చికిత్స

శరీరాన్ని కాపాడవలసిన రోగనిరోధక శక్తి సొంత కండరాలపైనే తిరగబడగా కలిగే వ్యాధులు పాలీమయోసైటిస్, డెర్మటోమయోసైటిస్. తొడలు, భుజాలు బలహీనపడి, రోగికి పీట మీద నుంచి లేవడం కూడా కష్టమవుతుంది. ఈ రోగుల సిరలలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఇతరులకంటె ఎక్కువ. వ్యాధి నిర్ధారణ అయిన తొలి సంవత్సరంలో అది మరీ అధికం. వ్యాధి వలని తాపము, మంచం పట్టి కదలకపోవడం, స్టెరాయిడ్లు, సెలైన్‌లా ఎక్కించే ఇమ్యునోగ్లోబులిన్, కొందరిలో బయటపడని క్యాన్సర్ ఇందుకు కారణాలు.

చిక్కంతా గుర్తుపట్టడంలోనే ఉన్నది. కాలు వాచినా, ఆయాసం వచ్చినా ఇంటివారు "పాత జబ్బే" అనుకుంటారు. కండరాల జబ్బు సాధారణంగా రెండు వైపులా బాధిస్తుంది. ఒక్క పిక్క మాత్రమే వాచి, వేడెక్కి, నొప్పిపెడితే రక్తపు గడ్డ అని అనుమానించాలి. నూనె మర్దన చేయరాదు. డాప్లర్ స్కానింగు చేయించాలి. గడ్డ ఊపిరితిత్తులకు చేరితే హఠాత్తుగా ఆయాసం, ఛాతీనొప్పి, కొందరికి దగ్గులో రక్తం కనిపిస్తాయి. అప్పుడు గంట ఆలస్యమైనా ప్రాణాపాయమే.

చికిత్స హెపారిన్‌తోగాని, పొట్ట చర్మం కింద ఇచ్చే ఎనాక్సపారిన్‌తోగాని మొదలవుతుంది. ఇవి గడ్డను కరిగించవు, పెరగనీయవు. కరిగించే పని శరీరమే మెల్లగా చేసుకుంటుంది. రక్తపోటు పడిపోయేంత ప్రమాదంలో మాత్రమే గడ్డను కరిగించే మందులు వాడుతారు, ఎందుకంటే వాటి వలన తీవ్ర రక్తస్రావం జరగవచ్చు. వార్ఫరిన్ మాత్ర మొదలుపెట్టినా, కనీసం 5 రోజులు ఇంజెక్షన్ కొనసాగాలి. ఐ.ఎన్.ఆర్. అనే రక్తపరీక్ష విలువ 2–3 మధ్య ఉండాలి. రివరాక్సబాన్, ఎపిక్సబాన్ మాత్రలకు ఆ పరీక్ష అవసరం లేదు. కాని యాంటీఫాస్ఫోలిపిడ్ ప్రతిదేహాలు ఉన్నవారికి సాధారణంగా వార్ఫరినే ఇస్తారు. చికిత్స కనీసం 3 నెలలు సాగుతుంది. కండరాల జబ్బు అదుపు కాకుంటే వైద్యులు ఇంకా పొడిగించవచ్చు. స్టెరాయిడ్లను సొంతంగా మానరాదు.

ఈ జబ్బుకే ఇచ్చే అజథయోప్రిన్ వార్ఫరిన్ బలాన్ని తగ్గిస్తుంది. దానిని ఆపితే వార్ఫరిన్ ప్రభావం ఎక్కువై రక్తస్రావం కావచ్చు. ఆకుకూరలు మానవలసిన పని లేదు, రోజూ ఇంచుమించు ఒకే పాళ్ళలో తింటే చాలు. ఒళ్ళునొప్పులకని డైక్లోఫెనాక్ బిళ్ళలు మింగడం, పిరుదుకు సూది వేయించుకోవడం మాత్రం కూడదు. కండరంలో రక్తం చేరుతుంది.

సరిహద్దు పల్లెలలో కండరాల జబ్బుకు ఒక రాష్ట్రంలోను, గడ్డకు మరొక రాష్ట్రంలోను వైద్యం చేయించుకొనేవారున్నారు. ఒకరు రాసిన మందు మరొకరికి తెలియదు. మందుల పేర్లు, మోతాదులు, చివరి ఐ.ఎన్.ఆర్. తేదీ ఒకే పుస్తకంలో రాసి, రెండు చోట్లా చూపించాలి.