చవక ఫోను ప్రకటన చెప్పని సంగతి

2000ల దశకం మధ్యలో అమెరికాలో టీవీ పెట్టినా, కంప్యూటరు తెరిచినా వోనేజ్ కంపెనీ నారింజ రంగు ప్రకటనలే. మనుషులు చేసే తెలివితక్కువ పనులు కొన్ని చూపించి, పాత ఫోను కంపెనీకి ఎక్కువ డబ్బు కట్టడం కూడా అలాంటిదేనని తేల్చేవి. పాత ఫోను లాంటిదే, కాకపోతే చవక అన్నది వాటి సారాంశం. ఇందులో నిజమెంత?

చవక అన్నది నిజమే. 2004 చివరికి నెలకు 24.99 డాలర్లు కడితే అమెరికా, కెనడాలకు ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చు. ఇందులో మాయ ఏమీ లేదు. మాటను చిన్న చిన్న ప్యాకెట్లుగా విడగొట్టి, వాడకందారు అప్పటికే డబ్బు కడుతున్న బ్రాడ్‌బ్యాండు మీద పంపేవారు. కంపెనీకి ఇంటింటికీ తీగ లాగే ఖర్చు లేదు. పాత కంపెనీల మీదున్న నియమాలూ చాలావరకు లేవు. మిన్నెసోటా రాష్ట్రం 2003లో ఆ నియమాలు పెట్టబోతే, 2004 నవంబరులో కేంద్ర నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ అడ్డుకుంది.

ఇక "లాంటిదే" అన్న మాట చూద్దాం. పాత ఫోను నంబరు ఒక తీగకు, ఆ తీగ ఒక ఇంటికి కట్టుబడి ఉంటుంది. అందుకే అత్యవసర నంబరు 911కు చేస్తే చిరునామా దానంతటదే తెలిసేది. ఇంట్లో కరెంటు పోయినా ఎక్స్ఛేంజి నుంచి వచ్చే విద్యుత్తుతో ఫోను పనిచేసేది. వోనేజ్ పెట్టెకు ఈ రెండూ లేవు. దాన్ని హైదరాబాదు తెచ్చి ఇంటర్నెట్‌కు తగిలించినా అదే అమెరికా నంబరు మోగుతుంది. ఆ సౌకర్యమే లోపం కూడా. ఫోను ఎక్కడుందో కంపెనీకి కచ్చితంగా తెలియదు. అప్పట్లో 911 సౌకర్యం కావాలంటే వాడకందారే విడిగా నమోదు చేసుకోవాల్సి వచ్చేది.

2005 ఫిబ్రవరిలో హ్యూస్టన్‌లో దొంగలు ఒక ఇంట్లో చొరబడి దంపతుల మీద కాల్పులు జరిపారు. వారి కూతురు 911 నొక్కితే, ఈ ఫోను నుంచి ఆ సేవ లేదన్న రికార్డు వినిపించింది. ఆమె పక్కింటికి పరుగెత్తి సాయం పిలిచింది. దంపతులు బతికారు. ఈ పరిమితిని స్పష్టంగా చెప్పలేదంటూ మార్చిలో టెక్సాస్ రాష్ట్రం దావా వేసింది. మేలో ఎఫ్‌సీసీ ఆదేశించింది: 120 రోజుల్లో 911 సరిగా పనిచేయాలి, పరిమితులను వాడకందారులకు తెలపాలి, పరికరం మీద అంటించడానికి హెచ్చరిక చీటీలు ఇవ్వాలి.

ఆ ఏడాది వోనేజ్ ఆదాయం సుమారు 26.9 కోట్ల డాలర్లు, మార్కెటింగ్ ఖర్చు సుమారు 24.3 కోట్లు. అంత ఖర్చు పెట్టిన ప్రచారం చెప్పని సంగతిని, ప్రభుత్వం చెబితే తప్ప అంటించని ఒక చిన్న చీటీ చెప్పింది.

చవక ఫోను చెడ్డదని కాదు. 2009లో అదే కంపెనీ 24.99 డాలర్ల పథకంలో ఇండియాను కూడా చేర్చాక, అమెరికాలోని ఎన్నో తెలుగు కుటుంబాలకు నిమిషాలు లెక్కపెట్టుకునే బాధ తప్పింది. కానీ ఏదైనా చవకగా వస్తున్నప్పుడు ధరతో పాటు ఇంకేం తగ్గిందో అడగాలి. అలా అడగడం తెలివితక్కువ పని కాదు.