చివరి పేజీ తర్వాత

పోయిన ఏడాది డాలస్‌లో ఉండే మా బావమరిది మాకో పెట్టె పంపించాడు. వాళ్ళ పిల్లలు పెద్దవాళ్ళైపోయారు. చదివేసిన పుస్తకాలు పారెయ్యడానికి మనసొప్పక దోహాకి తోసేశాడన్నమాట. విప్పి చూస్తే నిండా బొమ్మల పుస్తకాలు, అందులో సగానికి సగం ఆటగాళ్ళ కథలే. అమెరికా బళ్ళలో ఫిబ్రవరి వచ్చిందంటే నల్లవాళ్ళ చరిత్ర నెల. ఆ నెలలో పిల్లలచేత ఇలాంటివి బాగా చదివిస్తారట. రంగు అడ్డొచ్చినా ఆగకుండా గెలిచినవాళ్ళ కథలు.

మా అమ్మాయికి తొమ్మిదేళ్ళు. శుక్రవారం నాకు సెలవు, బయటేమో అడుగు పెట్టలేని ఎండ. ఇద్దరం సోఫాలో చేరి ఒక్కోటీ చదవడం మొదలెట్టాం. బొమ్మలు తనవి, ఉపన్యాసం నాది. ఉద్యోగంలో కన్సల్టెంటుని కదా, ఎవరూ అడక్కపోయినా వివరించడం అలవాటైపోయింది.

మొదట తీసింది సామీ లీ కథ. పౌలా యూ రాసిన ఈ పుస్తకం 2005లో వచ్చింది, పేరు 'సిక్స్‌టీన్ ఇయర్స్ ఇన్ సిక్స్‌టీన్ సెకండ్స్'. సామీ లీ కొరియా నుంచి కాలిఫోర్నియాకి వలస వచ్చినవాళ్ళ అబ్బాయి. డైవింగ్ అంటే ప్రాణం. కానీ పాసడీనా ఊళ్ళోని ఈతకొలనులో తెల్లవాళ్ళు కానివాళ్ళకి వారానికి ఒక్కరోజే ప్రవేశం. ఆ రోజు కాగానే నీళ్ళన్నీ వదిలేసి కొత్తనీళ్ళు నింపేవాళ్ళు. మిగతా రోజుల్లో దూకడం నేర్చుకోవడానికి అతని కోచ్ ఇసక గొయ్యి తవ్వించాడు. ఆ ఇసకలో దూకి దూకి నేర్చుకున్నవాడు 1948లో లండన్‌లో, 1952లో హెల్సింకీలో ఒలింపిక్ బంగారు పతకాలు కొట్టాడు.

"నీళ్ళెందుకు మార్చేవాళ్ళు నాన్నా? మురికైపోయాయా?"

"కాదమ్మా. మైలపడ్డాయని."

మైల అంటే ఏమిటని అడిగింది. దోహాలో పెరుగుతున్న పిల్లకి ఆ మాట తెలియకపోవడం అదృష్టమనుకున్నాను. "అప్పట్లో అక్కడ కొందరు చెడ్డవాళ్ళు ఉండేవాళ్ళులే" అని పేజీ తిప్పేశాను. చూశారా, ఎంత హాయో! చెడ్డవాళ్ళంతా అప్పట్లో, అక్కడ.

రెండోది 'టీమ్‌మేట్స్'. పీటర్ గోలెన్‌బాక్ రాశాడు, 1990 నాటిది. ఇది జాకీ రాబిన్సన్ కథ. బేస్‌బాల్ పెద్ద లీగుల్లో అరవై ఏళ్ళుగా నల్లవాళ్ళని రానివ్వలేదు. 1947 ఏప్రిల్ 15న రాబిన్సన్ బ్రూక్లిన్ డాడ్జర్స్ తరఫున బరిలోకి దిగాడు. స్టేడియాల్లో తిట్లు, ఇంటికి బెదిరింపు ఉత్తరాలు. సిన్సినాటిలో జనం గోల పెడుతుంటే జట్టులోని తెల్లవాడు పీ వీ రీస్ నడుచుకుంటూ వెళ్ళి అతని భుజం మీద చెయ్యి వేశాడు. జనం నోళ్ళు మూతపడ్డాయి. పుస్తకం అయిపోయింది. ఆ బొమ్మ చూస్తుంటే నాకే కళ్ళు చెమర్చాయి. న్యూయార్క్‌లో ఆ దృశ్యానికి 2005లో విగ్రహం కూడా పెట్టారు.

పిల్ల పడుకున్నాక నా పాత జబ్బు తిరగబెట్టింది. కథలో చెప్పింది నిజంగా అలాగే జరిగిందా అని వెతకడం మొదలెట్టాను. 1947లో సిన్సినాటి ఆటల గురించి రాసిన పత్రికల్లో ఆ భుజం మీద చెయ్యి ఊసే లేదని చరిత్రకారులు అంటున్నారు. రాబిన్సన్ తానే చెప్పినప్పుడు అది బోస్టన్‌లో జరిగిందన్నాడు. ఆ ఇద్దరి స్నేహం మాత్రం నిజం, అందులో అనుమానం లేదు. కానీ ఆ ఒక్క చెయ్యితో గోడ కూలిపోలేదు. రాబిన్సన్ 1956తో ఆట మానేశాడు. బోస్టన్ రెడ్ సాక్స్ జట్టు తన మొదటి నల్ల ఆటగాణ్ణి బరిలోకి దింపింది 1959లో! అంటే గోడ బద్దలుకొట్టాడని మనం చెప్పుకునే మనిషి ఆడి, తల నెరిసి, ఇంటికెళ్ళిపోయిన మూడేళ్ళకి కూడా ఆ గోడ ముక్క ఒకటి నిలబడే ఉంది.

పిల్లల పుస్తకాన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదండీ. ముప్ఫై పేజీల్లో ఎంతని చెప్తారు? కాకపోతే వీటన్నిటికీ అచ్చు ఒకటే: ఒక వీరుడు, ఒక గోడ, ఒక మంచివాడి చెయ్యి, చివరి పేజీలో గెలుపు. పిల్లలు అడిగే అసలు ప్రశ్నలు ఆ చివరి పేజీ తర్వాతే మొదలవుతాయి. మా దాని ప్రశ్న మర్నాడే వచ్చింది.

"మన దోహాలో కూడా ఇలాంటివాళ్ళు ఉన్నారా?"

ఉన్నారు. 1986లో నాకూ తొమ్మిదేళ్ళు. ఊళ్ళో పంచాయతీ ఆఫీసు టీవీ ముందు కూర్చుని సియోల్ ఆసియా క్రీడలు చూశాం. మన ఉష నాలుగు బంగారు పతకాలు తెచ్చిన ఏడు. అవే ఆటల్లో మగవాళ్ళ వంద మీటర్ల పరుగు గెలిచింది తలాల్ మన్సూర్, ఖతార్ మనిషి. మళ్ళీ 1990లో బీజింగ్‌లో, 1994లో హిరోషిమాలో కూడా ఆ పందెం అతనిదే. వరసగా మూడుసార్లు! 1992లో బార్సిలోనాలో 1500 మీటర్ల పరుగులో సోమాలీ మూలాలున్న మహమ్మద్ సులేమాన్ కంచు పతకం గెలిచాడు. ఖతార్‌కి అదే మొట్టమొదటి ఒలింపిక్ పతకం. ఇక ముతాజ్ బర్షిమ్ సంగతి చెప్పక్కర్లేదు. దోహాలో పుట్టాడు, కుటుంబానిది సూడాన్ మూలం. 2019లో ఇక్కడి ఖలీఫా స్టేడియంలో 2.37 మీటర్లు దూకి ప్రపంచ విజేత అయ్యాడు. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో ఇటలీ వాడు టాంబెరీతో బంగారాన్ని పంచుకున్నాడు.

ఇంతమంది ఉన్నారు కదా, మరి వీళ్ళకి అడ్డొచ్చిన గోడ ఏదని చెప్పాలి? ఇక్కడ 'నల్లవాళ్ళు ఆడరాదు' అనే బోర్డు కథ కాదు. ఇక్కడి కథ తెలియాలంటే ముషేరిబ్ వెళ్ళాలి. అక్కడ బిన్ జెల్మూద్ ఇల్లని ఒకటుంది. ఒకప్పుడు బానిసల వ్యాపారి ఇల్లు, 2015 నుంచి బానిసత్వ చరిత్ర మీద మ్యూజియం. గల్ఫ్‌లో ఇలాంటిది పెట్టడం చిన్న విషయం కాదు. ఓ శనివారం దాన్ని తీసుకుని వెళ్ళాను.

ముత్యాల వ్యాపారం జోరుగా సాగిన రోజుల్లో తూర్పు ఆఫ్రికా తీరం నుంచి మనుషుల్ని పట్టితెచ్చి ఇక్కడ అమ్మేవాళ్ళు. ఊపిరి బిగబట్టి సముద్రం అడుక్కి మునిగినవాళ్ళలో ఈ బానిసలూ ఉన్నారు. తర్వాత జపాన్ వాళ్ళ పెంపుడు ముత్యాలు మార్కెట్లోకి వచ్చి 1930ల నాటికి ఇక్కడి వ్యాపారం కుప్పకూలింది. ఆ తర్వాత దుఖాన్‌లో చమురు పడింది. కొన్నాళ్ళు బానిసలు చమురు కంపెనీలో పనిచేస్తే, జీతంలో యజమాని వాటా తీసుకునేవాడు. 1952లో బానిసత్వాన్ని రద్దు చేశారు. పరిహారం ఇచ్చారు, బానిసలకి కాదు, యజమానులకి. మనిషికి సగటున 1,500 రూపాయలు. అవును, రూపాయలే. అప్పటికి ఈ దేశంలో చెలామణి అయ్యేది మన రూపాయే. ఆ అంకె దగ్గర నా కాళ్ళు ఆగిపోయాయి. మన నోట్లు లెక్కపెట్టి మనిషికి విడుదల కొన్నారు.

అలా విడుదలైనవాళ్ళు ఈ దేశ పౌరులయ్యారు. ఏ ఆటగాడి తాతముత్తాతలు ఎలా వచ్చారన్నది ఆయా ఇళ్ళ సొంత విషయం, నేను తవ్వను. కానీ 1952కీ 1986కీ మధ్య ముప్ఫై నాలుగేళ్ళే. ఆసియా మొత్తం మీద వేగంగా పరిగెత్తిన మనిషిగా, ఒంటిమీద ఖతార్ జెండా రంగులతో, ఒక నల్లని మనిషి నిలబడ్డాడు. దీన్ని బొమ్మల పుస్తకంగా వేస్తే చివరి పేజీ అదే. దాని తర్వాత? 2003లో కెన్యా పరుగువీరుడు స్టీఫెన్ చెరోనో ఖతార్ పాస్‌పోర్టు తీసుకుని సైఫ్ సయీద్ షాహీన్ అయ్యాడు. ఆ ఏడే పారిస్‌లో స్టీపుల్‌చేజ్ ప్రపంచ విజేత. కెన్యా ఒప్పుకోకపోవడంతో 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌కి వెళ్ళలేకపోయాడు. ఇక్కడ గోడ రంగా, పాస్‌పోర్టా, డబ్బా? వీసా ముద్ర మీద బతుకుతున్న నాలాంటివాడికి ఆ ప్రశ్న కొంచెం దగ్గరగానే తగులుతుంది.

ఇంటికొచ్చాక "మన తెలుగువాళ్ళలో?" అంది. ఇది నాకు ఇష్టమైన ప్రశ్న. వెంటనే సి.కె. నాయుడు గారిని దింపాను. నాగపూర్‌లో పుట్టినా మచిలీపట్నం మూలాలున్న తెలుగు కుటుంబం. 1926లో బొంబాయి జింఖానా మైదానం. ఆ క్లబ్బులో భారతీయులకి సభ్యత్వం లేదు. అక్కడ ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఎం.సి.సి. జట్టు మీద హిందూ జట్టు తరఫున 153 పరుగులు చేశాడు, అందులో 11 సిక్సర్లు! 1932లో లార్డ్స్‌లో మన మొదటి టెస్టుకి కెప్టెన్. కెప్టెన్‌గా ఎంపికై వచ్చిన పోర్‌బందర్ మహారాజు పక్కకి తప్పుకుంటే, మామూలు మనిషికి ఆ కుర్చీ దక్కింది. చెప్తున్నంతసేపూ నా గొంతులో ఎంత దర్జా పలికిందో. ఇందులోనూ చెడ్డవాళ్ళు తెల్లవాళ్ళే కదా!

నాయుడు గారి కంటే ముందు చెప్పాల్సిన పేరు పాల్వంకర్ బాలూ. దళితుడు, పూణేలో తెల్లవాళ్ళ క్లబ్బులో మైదానం పనులు చేస్తూ బౌలింగ్ నేర్చుకున్నాడు. హిందువుల జట్టు అతన్ని గెలుపు కోసం తీసుకుంది, టీ మాత్రం బయట మట్టి ముంతలో ఇచ్చింది. 1911లో ఇంగ్లండ్ యాత్రలో 114 వికెట్లు తీశాడు. అయినా హిందూ జట్టుకి ఏనాడూ కెప్టెన్‌ని చెయ్యలేదు. 1923లో గానీ అతని తమ్ముడు విఠల్‌కి ఆ అవకాశం రాలేదు. ఇది కాస్త తడబడుతూనే చెప్పాను. ఎందుకంటే ఆ ముంత ఇచ్చినవాళ్ళు మనవాళ్ళు.

మా అమ్మాయి ఒక్క క్షణం ఆలోచించింది. "అంటే ఆ స్విమ్మింగ్ పూల్ నీళ్ళలాగానే. దీన్నే కదా నువ్వు మైల అన్నావు?"

తప్పించుకోవడానికి పేజీ లేదు. అవునన్నాను.

"మరి నల్లబడిపోతానని అమ్మమ్మ నన్ను రన్నింగ్ మాన్పించింది కదా. అదీ ఇలాంటిదేనా?"

విషయమేమిటంటే, మా అత్తయ్య గారు మా దగ్గర మూడు నెలలుండి వెళ్ళారు. ప్రేమ గల మనిషి. బళ్ళో రెండొందల మీటర్ల పందెంలో మా అమ్మాయి మూడోది వచ్చిన రోజు అందరికంటే ఎక్కువ మురిసిపోయిందీ ఆవిడే. "కానీ పిల్ల నల్లబడిపోతోంది బాబూ, ఆడపిల్ల, ఇప్పటి నుంచీ చూసుకోవాలి" అని రోజూ సున్నిపిండి పెడుతూ అనేవారు. సాయంత్రం ప్రాక్టీసు ఒకరోజు మానిపించారు, తర్వాత వారం మానిపించారు. నేనేం చేశాను? ఆఫీసు కాల్‌లో ఉన్నాను. పెద్దావిడతో వాదన ఎందుకన్నాను. ప్రాక్టీసు ఆగిపోయి అప్పటికి నాలుగు నెలలు.

రెండూ ఒకటి కాదు అని చెప్పబోయాను. నిజమే, ఒకటి కాదు. బానిసత్వం వేరు, అంటరానితనం వేరు, ఎండకి నల్లబడతావనడం వేరు. కొలత చాలా తేడా. కానీ ఆ తేడాలన్నీ చెప్పి, నేను మళ్ళీ అప్పట్లో, అక్కడ అనే చోటికే పారిపోతున్నానని నాకే తెలిసిపోయింది. "కొంచెం అలాంటిదే. తప్పు అమ్మమ్మ ఒక్కర్తిదీ కాదు, నాదీ" అన్నాను.

ఆ వారమే వీడియో కాల్‌లో అత్తయ్య గారికి చెప్పాం, దాన్ని మళ్ళీ పరిగెత్తిస్తున్నామని. "ఎండలో వద్దు బాబూ" అన్నారు. "నల్లబడితే నల్లబడనివ్వండి అత్తయ్య గారూ, వడదెబ్బ మాత్రం తగలకుండా చూస్తాను" అన్నాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నేనూ చిన్నప్పుడు బాగా పరిగెత్తేదాన్ని" అన్నారు. పెళ్ళై ఇన్నేళ్ళైనా ఈ సంగతి మా ఆవిడకే తెలియదు.

ఇప్పుడు వారానికి మూడు సాయంత్రాలు అస్పైర్ పార్కులో అది పరిగెడుతుంది, నేను బెంచీ మీద లాప్‌టాప్‌తో కూర్చుంటాను. పెట్టెలో ఇంకా ఎనిమిది పుస్తకాలున్నాయి. ప్రతిదానికీ చివరి పేజీ అవగానే "తర్వాతేమైంది?" అంటుంది. ముందే చదువుకుని కూర్చోవాల్సొస్తోంది.

మీ ఇళ్ళల్లో ఇలాంటి కథలు పిల్లలకి ఎక్కడిదాకా చెప్తున్నారో వీలైతే రాయండి.