గ్యాస్ కనపడదు, నూనె కనపడుద్ది

కర్లపాలెం దాటాక అత్తయ్య మాట్లాడటం మానేసింది.

2023 మే నెలాఖరు. రోహిణి కార్తె. బాపట్ల నుంచి రేపల్లెలో పెళ్లికి బయల్దేరాం. కారు మావయ్య నడుపుతున్నాడు. నేను పక్క సీట్లో, అత్తయ్య వెనక. ఏసీ మీట చివరికంటా తిప్పే ఉంది. ఫ్యాన్ హోరెత్తుతోంది. వస్తున్నది మాత్రం పొయ్యి ముందు కూర్చున్నప్పటి గాలి.

“కాసిని మంచినీళ్లు తాగవే,” అన్నాడు మావయ్య అద్దంలోకి చూస్తూ. జవాబు రాలేదు. వెనక్కి తిరిగాను. తల కిటికీకి ఆనించి ఉంది. మొహం కందిపోయింది, నుదుటి మీద చెమట చుక్క లేదు. ఆ చెమట లేకపోవడమే నన్ను భయపెట్టింది.

రోడ్డు పక్కన తాటిముంజలు కొట్టి అమ్ముతున్న మనిషి మా వాలకం చూసి, అడక్కుండానే తన నీళ్ల బిందె పట్టుకొచ్చాడు. చెట్టు కింద పడుకోబెట్టి, తువ్వాలు తడిపి మెడకీ చంకలకీ అద్దాం. ఆ పావుగంటలో మావయ్య నోటి వెంట ఒక్క మాట రాలేదు. చివరికి అత్తయ్య కళ్లు తెరిచి, “ముహూర్తం దాటిపోతోందా?” అంది. మావయ్య కారు బానెట్ మీద చెయ్యి పెట్టి, కాలుతున్నా తియ్యకుండా అట్లాగే నిలబడ్డాడు.

ఆ కారు కాంటెస్సా. 1994 నాటిది. బ్రిటన్‌లో వాక్స్‌హాల్ కంపెనీ మానేసిన మోడల్ అచ్చులు తెచ్చుకుని హిందుస్థాన్ మోటార్స్ 1984 నుంచి 2002 దాకా ఉత్తరపారాలో తయారు చేసింది. మొదట అందులో అంబాసిడర్ ఇంజనే, 1,489 సీసీ. అంత బరువైన బండిని అది ఈడ్వలేక ఈడ్చేది. తర్వాత జపాన్ ఇసుజు వాళ్ల 1,817 సీసీ ఇంజను, అయిదు గేర్లు వచ్చాయి. అప్పుడు దానికి ప్రాణం వచ్చింది. నాలుగు తలుపులున్న కారుని స్పోర్ట్స్ కారు అనకూడదని తెలిసినవాళ్లు అంటారు. ఆ పొడవాటి ముక్కు, నేలబారు నడక చూసిన మా బాపట్ల పిల్లలెవరం దానికి వేరే పేరు పెట్టలేదు.

మావయ్య 1945లో మొదలైన బాపట్ల వ్యవసాయ కళాశాలలో పాఠాలు చెప్పి రిటైరయ్యాడు. మనం సాంబ మసూరి అని తింటున్న బీపీటీ 5204 ఆ ఊరి వంగడమే, 1986లో విడుదలైంది. బీపీటీ అంటే బాపట్ల. ఆయన దాన్ని పుట్టించినవాళ్లలో లేడు. రెండు దశాబ్దాలు దాన్ని పాఠంగా చెప్పినవాడు. ఆ జీతంలోంచి కూడబెట్టి కొన్న కారు ఇది.

పెళ్లయిన మర్నాడే రేపల్లెలో ఒక షాపుకి తీసుకెళ్లాం. కుర్రాడు బానెట్ ఎత్తి, గేజ్ తగిలించి, “గ్యాస్ అయిపోయిందండీ, నింపితే సరిపోద్ది,” అన్నాడు. ముప్పావుగంటలో పని అయింది. అత్తయ్య శాలువా కప్పుకునేంత చల్లగా బాపట్ల చేరాం. పదకొండు రోజులు. పన్నెండో రోజు మళ్లీ పొయ్యి గాలే.

“గ్యాస్ అయిపోయింది” అన్న మాట మీద నాకు కోపం. మన ఊళ్లలో ఎన్ని వేల కార్ల బానెట్ల కింద ఆ మాట వినపడుతుందో! గ్యాస్ పెట్రోలు కాదు, కాలి ఖర్చయ్యేది కాదు. మూసిన గొట్టాల్లో తిరిగిందే తిరుగుతుంది. కంప్రెసర్ దాన్ని నొక్కి వేడెక్కిస్తుంది. రేడియేటర్ ముందుండే కండెన్సర్‌లో ఆ వేడి బయటికి పోయి గ్యాస్ ద్రవమవుతుంది. సన్నని వాల్వు దాటి డాష్‌బోర్డు వెనక ఎవాపరేటర్‌లోకి చిమ్మగానే మరిగి, కారు లోపలి వేడిని పీల్చేస్తుంది. మళ్లీ కంప్రెసర్‌కి. తగ్గిందీ అంటే ఎక్కడో కన్నం ఉన్నట్టే. కన్నం వెతక్కుండా నింపినవాడు రాబోయే రిపేరుని కూడా మనకే అమ్ముతున్నాడు.

తెనాలిలో కాలవ గట్టున ఒక పాత షెడ్డు ఉందని పెళ్లిలోనే ఎవరో చెప్పారు. అక్కడికి వెళ్లాం, కిటికీలు దించుకుని, అత్తయ్యని ఇంట్లోనే ఉంచి. మేస్త్రీకి అరవై దగ్గర పడి ఉంటాయి. గేజ్ ముట్టుకోలేదు. బ్యాటరీ లైటు పట్టుకుని, చూపుడువేలితో గొట్టాల అతుకులన్నీ ఒక్కొక్కటే తడుముతూ పోయాడు. వేలు వెనక్కి తీసి మావయ్యకి చూపించాడు. నల్లటి జిడ్డు, దానికంటుకున్న దుమ్ము.

“గ్యాస్ కనపడదు మాస్టారూ. నూనె కనపడుద్ది. గ్యాస్ పోయేటప్పుడు కంప్రెసర్ నూనెని వెంటేసుకుని పోద్ది.”

“సూర్యలంక సముద్రపు ఉప్పుగాలికి కండెన్సర్ తినేసి ఉంటుందేమో,” అన్నాడు మావయ్య.

“ఉండొచ్చు. కానీ చూడకుండా ఉప్పుగాలి మీద నేరం వెయ్యకూడదు.” వెనక్కి తిరిగి నన్నడిగాడు: “ఇది పన్నెండు గ్యాస్ బండి. మొన్న ఏం నింపారు?”

మాకు తెలియదు. రేపల్లెలో చెప్పలేదు, మేము అడగలేదు. ఆయన చిన్న మిషను తగిలించి లోపల మిగిలిన కొంచెం గ్యాస్‌ని ఒక సిలిండర్‌లోకి లాగాడు. దాని మీద సుద్దముక్కతో “తెలియదు” అని రాసి పక్కన పెట్టాడు. గాలిలోకి వదిలేస్తే రెండు నిమిషాల పని. వదల్లేదు.

పన్నెండు గ్యాస్ అంటే ఆర్-12. దాని కథ ఇక్కడ చెప్పక తప్పదు. అంతకుముందు ఫ్రిజ్‌లలో అమ్మోనియా, సల్ఫర్ డయాక్సైడ్, మిథైల్ క్లోరైడ్ వాడేవారు. లీకైతే మనుషులే పోయేవారు. అమెరికాలో థామస్ మిడ్జ్‌లీ, తోటివాళ్లు కలిసి మంటకీ విషానికీ లొంగని కొత్త గ్యాస్ తయారు చేశారు. 1930లో రసాయన శాస్త్రవేత్తల సభలో మిడ్జ్‌లీ దాన్ని గుండెల నిండా పీల్చి, కొవ్వొత్తి మీదికి ఊది ఆర్పేశాడు. పీల్చినవాడికి ఏమీ కాలేదు, మంట ఆరిపోయింది. సభ అంతా నమ్మింది. దాదాపు పదేళ్లకి ప్యాకార్డ్ కంపెనీ కార్లో ఏసీ పెట్టింది. దాన్ని ఆపాలంటే ఇంజను ఆపి, దిగి, బెల్టు ఊడదియ్యాలి.

1974లో మొలినా, రోలాండ్ అనే ఇద్దరు లెక్క వేసి చూపించారు: ఈ గ్యాస్ కింద కరగదు, పైకి పోయి ఓజోన్‌ని తింటుంది. 1985లో అంటార్కిటికా మీద ఆ కన్నం కనిపించనే కనిపించింది. 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. 1992లో భారత్ చేరింది. 2010 నాటికి ఆర్-12కి మన దగ్గరా తెర పడింది. మిడ్జ్‌లీ ఊదిన గ్యాస్ గాలిలో సుమారు నూరేళ్లు ఉంటుంది. అంటే ఆ సభలో ఆయన గుండెల్లోంచి వచ్చినదాంట్లో కొంత మన నెత్తి మీద ఇంకా తిరుగుతూనే ఉంది.

దాని బదులు ఇప్పుడొచ్చే 134ఎ గ్యాస్ ఓజోన్ జోలికి పోదు. భూమిని వేడెక్కించడంలో మాత్రం బొగ్గుపులుసు వాయువు కన్నా 1,430 రెట్లు. లెక్క వేసి చూశాను: 600 గ్రాములు లీకైతే సుమారు 370 లీటర్ల పెట్రోలు తగలబెట్టినట్టు. రేపల్లెలో నింపింది అదే అయితే, అత్తయ్యని చల్లగా ఉంచిన ఆ పదకొండు రోజుల ఖరీదు ఇంచుమించు అది.

“మా గురువు రోజుల్లో దీపం ఉండేదండీ,” అన్నాడు మేస్త్రీ. రాగి రేకు ఎర్రగా కాలే చిన్న దీపం. దాని గొట్టాన్ని అతుకుల దగ్గర తిప్పితే, పన్నెండు గ్యాస్ తగిలిన చోట మంట పచ్చగా మారేది. పొగ పీలిస్తే ప్రమాదం. 134లో క్లోరిన్ లేదు కనక ఆ దీపం దానికి పనికిరాదు కూడా. ఇప్పుడు నైట్రోజన్, సబ్బు నురుగు.

నైట్రోజన్ దగ్గరే ఆ సాయంత్రం గుండె ఆగినంత పనైంది. సిలిండర్ ఖాళీ. షెడ్డులో కొత్తగా చేరిన కుర్రాడు సాయం చేద్దామని పక్క వెల్డింగ్ షాపులోంచి ఆక్సిజన్ సిలిండర్ దొర్లించుకొచ్చి, గొట్టం బిగించబోయాడు. మేస్త్రీ అంత దూరం నుంచి పెట్టిన కేక ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. లోపలున్నది నూనె. పీడనంలో ఆక్సిజన్, నూనె కలిస్తే నిప్పు అక్కర్లేదు, కంప్రెసర్ బాంబులా పేలుతుంది. కుర్రాడు వణికిపోయాడు. మేస్త్రీ వాణ్ణి తిట్టలేదు. టీ తెప్పించి, తాగించి, ఎందుకో నెమ్మదిగా చెప్పాడు. ఏసీ పని చేసే ప్రతి షెడ్డులో గోడ మీద రాయాల్సిన మాట అది.

వేరే సిలిండర్ వచ్చేసరికి దీపాల వేళ దాటింది. కంప్రెసర్ దగ్గరి గొట్టం చివర నురుగు పెట్టగానే బుడగలు పొంగాయి. ఒక దొంగ దొరికాడు. ఆ గొట్టం మార్చి, 150 పౌండ్ల పీడనం ఎక్కించి, గేజ్ మీద పెన్నుతో గీత గీసి ఇళ్లకి పోయాం.

తెల్లారి ముల్లు 132 దగ్గర ఉంది.

“రాత్రి చల్లదనానికి అయిదు పోద్ది,” అన్నాడు మేస్త్రీ. “మిగతా పదమూడూ కన్నమే.” ఆ మాటకి నేను లోపల నమస్కారం పెట్టుకున్నాను. సాయంత్రం 38 డిగ్రీలు, తెల్లవారుజామున 29 అయితే పుస్తకంలో సూత్రం చెప్పేదీ అయిదే.

కండెన్సర్‌ని తొట్టి నీళ్లలో ముంచారు. రెక్కలు ఉప్పుకి తెల్లబడ్డాయిగానీ ఒక్క బుడగ లేదు. గ్లవ్‌బాక్స్ విప్పి ఎవాపరేటర్ బయటికి తీస్తే వేపాకులు, ఎలుక గూడు, మట్టి. అదీ గట్టిగానే ఉంది. చివరికి కంప్రెసర్ ముందున్న క్లచ్ ప్లేటు ఊడదీసి, ఇరుసు చుట్టూ నురుగు రాశాడు. నలుగురం వంగి చూస్తున్నాం. నిమిషం. రెండు నిమిషాలు. ఆవగింజంత బుడగ లేచి, ఆగి, పగిలింది. ఇంకొకటి లేచింది.

“షాఫ్ట్ సీలు,” అన్నాడు. “మాస్టారూ, ఏసీ ఎన్నాళ్లు వెయ్యలేదు?”

మావయ్య తల దించుకున్నాడు. “రెండేళ్లు. కారు పాతదైంది గదా, దానికి బరువెందుకని.”

ఆ సీలుని తడిగా ఉంచేది తిరిగే నూనె. ఏసీ వెయ్యకపోతే నూనె కిందికి జారి, రబ్బరు ఎండి బిగుసుకుపోతుంది. కారుకి గుడ్డ కప్పి, నీడన పెట్టి, ఏసీ ముట్టకుండా ప్రేమగా దాచుకున్నాడు మావయ్య. కన్నం అక్కడే పడింది. ఉప్పుగాలికి ఇందులో పాత్ర లేదు.

సీలు విజయవాడ ఆటోనగర్ నుంచి వచ్చింది. మిగతా పని మూడు రోజులు. పాత ఖనిజ నూనె 134తో కలవదు, అందుకని లోపలంతా కడిగి వేరే నూనె పోశాడు. నల్ల రబ్బరు రింగులు తీసి పచ్చవి, గొట్టాలు లోపలి పొరున్నవి, తేమ పీల్చే డబ్బా కొత్తది. వ్యాక్యూమ్ పంపు గంటసేపు నడిపాడు. గాలి లేని చోట నీళ్లు ఎండాకాలపు వేడికే మరిగి ఆవిరై పోతాయి, తేమ అట్లా బయటికొస్తుంది. గ్యాస్‌ని గేజ్ చూసి కాదు, కాటా మీద సిలిండర్ పెట్టి తూచి ఎక్కించాడు. అతినీలలోహిత కాంతిలో వెలిగే రంగు కొంచెం కలిపి, ఎంత గ్యాస్ పట్టిందో, ఏ తేదీయో రేకు ముక్క మీద చెక్కి గొట్టానికి కట్టాడు. ఈ బండి ఇంకెవరి చేతిలో పడ్డా లోపలేముందో వాడికి తెలుస్తుంది.

డబ్బులిస్తుంటే ఒక మాట చెప్పాడు: “చలికాలమైనా వారానికి పది నిమిషాలు ఏసీ తిప్పండి మాస్టారూ.”

ఆ తర్వాతి సంక్రాంతికి నేను బాపట్ల వెళ్లేసరికి ఆదివారం పొద్దున, చలిలో, మావయ్య, అత్తయ్య షెడ్డులో కారు స్టార్ట్ చేసి, అద్దాలెత్తుకుని, ఏసీ వేసుకుని కూర్చుని ఉన్నారు. గడియారం మావయ్య చేతిలో ఉంది.

2024 మే నెలలో, చీకటి పడ్డాక, బానెట్ ఎత్తాం. మావయ్య పసుపు కళ్లద్దాలు పెట్టుకుని, మేస్త్రీ పంపిన ఊదారంగు లైటు తానే పట్టుకున్నాడు. లీకుంటే రంగు పచ్చగా వెలగాలి. కంప్రెసర్ ముందు ఆపాడు. అతుకు అతుకు దగ్గరా ఆపాడు. బతుకంతా పొలంలో పచ్చదనం వెతికిన మనిషి, అది ఎక్కడా ఉండకూడదని ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు.

“ఏం కనపడిందిరా?” అన్నాడు నన్ను, తన కళ్ల మీద నమ్మకం చాలక.

“ఏం లేదు మావయ్యా.”

మళ్లీ మొదటి అతుకు దగ్గరికి లైటు తిప్పాడు. “అన్నాలకి రండి,” అని లోపల్నుంచి అత్తయ్య కేకేసింది.