పావగడ సీమలో కరువు, నీరు, రోగము

తుమకూరు జిల్లా పటమును చూచినవారికి పావగడ తాలూకా తక్కిన జిల్లానుండి విడివడి, మూడువైపుల పాత అనంతపురము సీమచే చుట్టబడి, కచేరీలో కన్నడమును ఇంట తెలుగును పలుకుచు, ఒక ద్వీపమువలె కానవచ్చును. ఆ తాలూకాలోని వెంకటమ్మనహళ్లి పేరు 2005 ఫిబ్రవరిలో అచ్చటి పోలీసు శిబిరముపై జరిగిన దాడివలన దేశమంతట వినబడినది. కాని ఆ యూరి చుట్టుపట్టుల పల్లెలను తరతరములుగా పీడించుచున్న శత్రువు అనావృష్టి. దానిని గూర్చి పత్రికలు వ్రాసినది తక్కువ. జనులు అనుభవించినది మెండు.

పడమటి కనుమల వర్షచ్ఛాయలో, తూర్పు సముద్రమునకును దూరముగా నున్న యీ నేలకు రెండు ఋతువుల మేఘములును కొసరి కొసరి మాత్రమే కురియును. ఉత్తరపినాకిని నాగలమడక మీదుగా పోవుచున్నను, ఏటిలో నీటికంటె ఇసుకయే హెచ్చు. ఎండకాలమున ఆ యిసుకలో చెలమ త్రవ్వి, ఊరిన నీటిని కొబ్బరిచిప్పతో తోడి, పాతచీర చెరగును కడవమూతికి కట్టి వడియగట్టుకొనుట స్త్రీల దినచర్య. పశువులు త్రాగునదియు, బట్టలు తడుపునదియు నా చెలమ ప్రక్కనే. రోగము పుట్టుచోటు నదియే.

పావగడలోని శనీశ్వరాలయమునకు సంబంధించిన స్థల ఐతిహ్యము, పూర్వము కరువును వ్యాధులును క్రమ్ముకొనగా జనులు శీతలాదేవిని ప్రతిష్ఠించి కొలిచిరని చెప్పును. చరిత్రకారునకు ఐతిహ్యము ప్రమాణము కాకపోవచ్చును గాని, వానలేమిని, అమ్మవారి జాడ్యమును ఒక్క దేవత ముంగిటనే విన్నవించుకొనిన యా పూర్వులు రెండింటికి గల సంబంధమును చక్కగా ఎరిగియుండిరని నా నమ్మకము. ఈ యెరుక ప్రభుత్వముల కలవడుటకు చాల కాలము పట్టినది.

1876లో ధాత, 1877లో ఈశ్వర నామ సంవత్సరములందు దక్షిణాపథమును దహించిన ధాతకరువు అందులకు నిదర్శనము. అప్పటికి పావగడ చేరియున్న మైసూరు దొరల కమిషను పాలనలో నుండెను. అనంతపురము జిల్లా ఇంకను ఏర్పడక బళ్లారిలో భాగమై యుండెను. 1871 జనాభా లెక్కలలో 50,55,412గా నున్న మైసూరు జనసంఖ్య, 1881 నాటికి 41,86,188కి దిగినది. దేశాంతరము పోయినవారిని తీసివైచినను, ఈ లోటులో అధికాంశము మరణమే. ఆకలి దేహమును క్షీణింపజేయగా, కలరా, మశూచికము, రక్తగ్రహణి ఆ దేహములను కొనిపోయినవి. పైగా 1877 ఉత్తరార్ధమున వానలు కురిసిన పిమ్మట, జనులు బ్రతికితిమని నిట్టూర్చు వేళ, చలిజ్వరములు వ్యాపించి మిగిలినవారిని పట్టుకొనినవి. కరువు తీరినదని దస్త్రములో వ్రాసికొనిన మాసములలోనే పల్లెలలో పాడెలు లేచినవి.

ఎల్లకు ఆవల, బళ్లారి చేరియున్న మదరాసు రాజధానిలో (ప్రెసిడెన్సీలో), పనికి వచ్చిన బలవంతుడైన పురుషునకు దినమునకొక పౌను ధాన్యము, కొలది పైసలు చాలునని భారత ప్రభుత్వము పంపిన కరువు ప్రతినిధి సర్ రిచర్డ్ టెంపుల్ నిర్ణయించెను. ఇంటికి దూరముగా నున్న పనికే పోవలెనను దూరపరీక్షయు అమలు జరిగెను. నడవగలవానికి పని, నడవలేనివానికి శిబిరము. ఈ పరీక్షలో మొదట ఓడినవారెవరు? వృద్ధులు, బాలెంతలు, చంటిబిడ్డలు, చేతిలో సెంటుభూమి లేని మాదిగ, మాల కూలీలు. ఆ కూలితో పనిచేయువాని దేహము నిలువదని సానిటరీ కమిషనరు కార్నిష్ పట్టుపట్టి వాదించినమీదట, 1877 మధ్యకాలమున కూలి పెంచబడినది. శిబిరములలో వండిన గంజిని కులభీతిచే ముట్టక పస్తులుండినవారును కలరు. బ్రతికియుంటే బలుసాకు తినవచ్చునను సామెత ఎరిగిన జనమే ఆ స్థితికి వచ్చినది!

1880లో స్ట్రాచీ అధ్యక్షతన వెలువడిన కరువు కమిషను నివేదిక, తరువాతి కరువు నిబంధనములు, అశక్తులకు ఊరిలోనే సహాయ మందవలెనను సూత్రమును అంగీకరించినవి. ఇది చిన్న సంగతి కాదు. రోగిని నడిపించి పరీక్షించుట మాని, సహాయమే రోగివద్దకు నడచివచ్చుట నాకు ఈ చరిత్రలో అన్నిటికంటె పెద్ద మలుపుగా తోచును. 1952 నాటి రాయలసీమ కరువులో తెరచిన గంజికేంద్రములు, సైనికులు త్రవ్విన బావులు ఆ త్రోవలోనివే.

ఆకలిచావులు తగ్గినవి; కాని నీటి వలన కలుగు పీడ రూపము మార్చుకొనినది. చెరువులు ఎండి గొట్టపుబావులు లోతునకు దిగినకొలది, గ్రానైటు శిలలలో చిరకాలము నిలిచిన నీరు ఫ్లోరైడును వెంటబెట్టుకొని వచ్చుచున్నది. నెల్లూరు జిల్లాలో ఫ్లోరైడువలన కలుగు ఫ్లోరోసిస్ వ్యాధిని 1937లోనే షార్ట్, పండిట్, రాఘవాచారి గార్లు వైద్యపత్రికలో వర్ణించియుండిరి. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించిన ఫ్లోరైడు మొదట పిల్లల పండ్లపై గోధుమవన్నె చారలై కనబడును. ఏండ్లు గడచినపిదప వెన్ను బిగిసి, మెడ తిరుగక, పీటమీద కూర్చుండుటయే కష్టమగును. ఎండలో కలుపుతీయు కూలిమనిషి ఎక్కువ నీరు త్రాగును గనుక ఎక్కువ విషమును త్రాగును. కరువున మేతలేక ఆవు నమ్ముకొనిన యింట పాలు కరవై, ఎముకకు కావలసిన సున్నపు అంశము సైతము దొరకదు. కాబట్టి పశువునకు గడ్డి యిచ్చుట కూడ వైద్యమే. పావగడలో స్వామి జపానందులవారి శ్రీరామకృష్ణ సేవాశ్రమము కుష్ఠు, క్షయ, నేత్రరోగ చికిత్సలతో నాగక, ఇన్ఫోసిస్ ఫౌండేషన్ తోడ్పాటుతో కరువుకాలమున రైతులకు మేత పంచుటలోని ఔచిత్యము నిదియే.

నేడు తిరుమణి పరిసరములలో సుమారు 13,000 ఎకరములలో 2,050 మెగావాట్ల సౌరవిద్యుత్కేంద్రము వెలసినది. పొలము కౌలుకిచ్చిన రైతునకు ఏటేట పైకము చేరును. ఆ పొలములో కూలిచేసి బ్రతికినవారికి ఆ పైకములో పాలులేదు. ఇక నీటి మాటకు వచ్చినచో, తుంగభద్ర వెనుకజలములను తాలూకాకు గొనివచ్చు పథకము మిక్కిలి శ్లాఘ్యము. ఆ నీరు ప్రతి గడపకు ఎడతెగక చేరువరకు, వేసవికి ముందే ప్రతి గొట్టపుబావి నీటిని పరీక్షింపించి, ఫలితమును ఆ బావిచెంతనే కన్నడములోను తెలుగులోను పెద్దయక్షరములతో వ్రాయింపవలెనని, శుద్ధిజలయంత్రము చెడినచో దానిని వెంటనే బాగుచేయించు భారమును గ్రామపంచాయతీలు వహింపవలెనని, మొదటి కొళాయి దళితవాడలోనే తిప్పవలెనని అధికారులను వేడుకొనుచున్నాను.