ఓనమాలు దిద్దించువారి జీతము

గ్రంథాలయమున పుస్తకము తెరచు ప్రతి పాఠకుని వెనుకను, అతనిచేత తొలుత ఓనమాలు దిద్దించినవారొకరు ఉందురు. ఆ తొలి గురువునకు సమాజమిచ్చిన ప్రతిఫలమెంత? చరిత్ర చెప్పు సమాధానము మనకు గర్వకారణమైనది కాదు.

1822లో మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో తన రాజధానిలోని పాఠశాలల వివరములు పంపుడని కలెక్టర్లను ఆదేశించెను. నేటి అనంతపురము ప్రాంతము నాడు బళ్ళారి జిల్లాలోనిది. అచటి కలెక్టరు క్యాంబెల్ 1823లో పంపిన లెక్క ప్రకారము ఆ జిల్లాలో 533 బడులు. వానిలో తెలుగు బడులు 226. బాలురు ఐదవ యేట బడిలో చేరి, ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దెడివారు.

మన్రో 1826 మార్చి 10న తన అభిప్రాయమును వ్రాసెను. రాజధానిలో 12,498 బడులు గలవు. పిల్లవాడు నెలకు నాలుగు మొదలు ఎనిమిది అణాలిచ్చును. పంతులుకు నెలకు ఆరేడు రూపాయలకు మించి రాదు. ఇంత స్వల్పాదాయమునకు యోగ్యులు ఈ వృత్తిలోనికి రారని ఆయనయే ఒప్పుకొనెను. అట్లు ఒప్పుకొనియు, తాను తలపెట్టిన తాలూకా బడుల ఉపాధ్యాయునకు నెలకు 9 రూపాయలే సూచించెను. అంతకు తక్కువ గాకుండ పిల్లల వలనను వచ్చును గనుక, అతని స్థితి స్కాట్లండు గ్రామోపాధ్యాయుని స్థితికంటె మేలుగ నుండవచ్చునని సమర్థించుకొనెను. సర్కారు కొంత ఇచ్చును, తక్కినది జనులిత్తురను ఈ లెక్క నాటిది.

వీధిబడి పంతులుగారికి దసరా మామూళ్ళుండెడివి. పిల్లలు విల్లంబులు పట్టి పద్యములు పాడుచు ఇంటింటికి వెళ్ళి, గురువుగారికి కానుకలు తెచ్చెడివారు. గౌరవమునకు లోటు లేదు. నెల గడచుటయే కష్టము.

కాలక్రమమున పాఠశాలోపాధ్యాయులకు సర్కారు జీతపు స్కేళ్ళు వచ్చినవి. అంతకంటె చిన్నవారిని, అనగా మూడేండ్లు మొదలు ఆరేండ్ల వరకు గల పిల్లలను, సాకుచు నేర్పు భారము అంగన్వాడీలకు వచ్చినది. 1975 అక్టోబరు 2న దేశములో 33 ప్రాజెక్టులతో ఈ పథకము ప్రారంభమైనది. పిల్లలకు ఆటపాటలు నేర్పుట, బరువు తూచుట, భోజనము పెట్టించుట, గర్భిణులకును బాలింతలకును పౌష్టికాహారమందించుట అంగన్వాడీ కార్యకర్త పనులు. ఆమెకిచ్చు సొమ్మునకు పేరు మాత్రము జీతము కాదు, “గౌరవ వేతనము”.

ఆంధ్రప్రదేశములో 2019లో అది నెలకు 11,500 రూపాయలైనది. 2022 నాటి వేతన సవరణలో ప్రాథమిక పాఠశాలలోని సెకండరీ గ్రేడు ఉపాధ్యాయుని తొలి మూలవేతనము 32,670 రూపాయలు. ఇరువురి అర్హతలలోను నియామక పద్ధతిలోను భేదమున్న మాట నిజమే. కాని ఆ భేదము ఒకరికి రెండవవారి జీతములో ఇంచుమించు మూడవ వంతు మాత్రమే చాలుననుటకు తగినంతదా?

అంగన్వాడీ కార్యకర్తలది ప్రభుత్వోద్యోగము కాదని 2006లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. అయినను, వారిది తీరిక వేళల పని కాదనియు, వారికి గ్రాట్యుటీ చట్టము వర్తించుననియు అదే న్యాయస్థానము 2022 ఏప్రిల్ 25న నిర్ణయించెను. 2023 డిసెంబరు 12న ఆంధ్రప్రదేశములో వారు ప్రారంభించిన సమ్మె 42 దినములు సాగెను. వారు కోరినవానిలో జీతముతోపాటు ఆ గ్రాట్యుటీయు నుండెను.

యోగ్యులు రావలెనన్న యోగ్యమైన జీతముండవలెనని రెండువందల యేండ్ల క్రిందటనే తెలిసిన విషయము. గౌరవము జీతమునకు తోడు కావలెను గాని బదులు కారాదు. రేపు ఈ గ్రంథాలయమునకు వచ్చు పాఠకులు నేడు అంగన్వాడీలో కూర్చున్నవారే. వారికి తొలి అక్షరము చూపు చేతికి న్యాయమైన కూలి ముట్టునట్లు చూచుట గ్రామప్రజలందరి బాధ్యత.