అయిదడుగుల ఆరంగుళాలు

పోయినేడు వేసవిలో నాన్న మా ఇంటికొచ్చి ఆరు నెలలున్నారు. రైల్వేలో సిగ్నల్ డిపార్టుమెంటులో చేసి రిటైరైన మనిషి. బెజవాడలో ఎవరినీ అడక్కుండా సిటీ బస్సో ఆటోయో ఎక్కి తన పని తను చూసుకొచ్చేవారు. సన్నీవేల్‌లో దిగిన వారానికే, "ఒరేయ్, పాలు తేవాలన్నా నువ్వు ఆఫీసు నించి రావాలా?" అన్నారు. నా దగ్గర సమాధానం లేదు.

ఒక శనివారం మిల్పీటస్ తీసికెళ్ళి బార్ట్ ఎక్కిద్దామనుకున్నాను. ప్లాట్‌ఫారం మీద అందరూ రైలొచ్చే వైపు చూస్తుంటే నాన్న వంగి పట్టాల వంక చూస్తున్నారు. "ఏరా, ఇది బ్రాడ్ గేజి కదూ?" అన్నారు. నేను నవ్వేసి, "అమెరికాలో బ్రాడ్ గేజి ఎక్కడిది నాన్నా, అంతా స్టాండర్డే" అన్నాను. ఇంటికొచ్చి వెతికితే ఆయన చెప్పిందే నిజం! దేశంలో దాదాపు అంతటా నాలుగడుగుల ఎనిమిదిన్నర అంగుళాల పట్టాలుంటే బార్ట్ మాత్రం అయిదడుగుల ఆరంగుళాలు. అంటే 1,676 మిల్లీమీటర్లు, అచ్చంగా మన బెజవాడ స్టేషన్లో ఉన్నంత. (హైదరాబాదులో 2003లో మొదలైన ఎమ్మెమ్టీయెస్సుది ఈ కొలతే. 2017లో మొదలైన మెట్రోది మాత్రం స్టాండర్డ్ గేజి!)

ఎందుకలా అని తవ్వితే చాలా పెద్ద కథే బయటపడింది.

1939 నుంచి 1958 దాకా బే బ్రిడ్జి కింది అంతస్తులో రైళ్ళు తిరిగేవి. ఓక్లండ్ వాళ్ళు ఎలక్ట్రిక్ రైలెక్కి నేరుగా శాన్ ఫ్రాన్సిస్కోలో దిగేవారు. 1958 ఏప్రిల్లో ఆ రైళ్ళు ఆపి, తర్వాత ఆ జాగా కూడా మోటారు బళ్ళకే ఇచ్చేశారు. తమాషా ఏమిటంటే, వంతెన చాలదు, బే అడుగున రైళ్ళకో గొట్టం వెయ్యాలని 1947లోనే సైన్యం, నౌకాదళం కలిసి వేసిన బోర్డు చెప్పింది. దాని మీద 1951లో రాష్ట్ర శాసనసభ ఒక కమిషన్ వేసింది. బే చుట్టూ తొమ్మిది కౌంటీలనీ కలిపే రైలు దాని కల.

1957లో బార్ట్ డిస్ట్రిక్టు పుట్టేసరికి మిగిలినవి అయిదే: శాన్ ఫ్రాన్సిస్కో, ఆలమీడా, కాంట్రా కోస్టా, మరిన్, శాన్ మటేయో. మన శాంటా క్లారా కౌంటీ అసలు చేరనే లేదు. అప్పట్లో ఇక్కడంతా పళ్ళతోటలు. రైలు బదులు ఎక్స్‌ప్రెస్‌వేలు కట్టుకుందామని 1961లో ఇక్కడి జనం బాండ్లకు ఓటేశారు. లారెన్స్ ఎక్స్‌ప్రెస్‌వే మీద ఎర్ర లైటు దగ్గర మనం లెక్కపెట్టుకునే నిముషాలు ఆ నిర్ణయం తాలూకువే.

1961 డిసెంబరులో శాన్ మటేయో తప్పుకుంది. మాకు సదరన్ పసిఫిక్ రైలుంది, మళ్ళీ ఆస్తి పన్ను ఎందుకన్నారు. రైలొస్తే ఖాతాదారులు శాన్ ఫ్రాన్సిస్కోకి పోతారని కొందరు వ్యాపారుల భయం. అంత పెద్ద కౌంటీ పోయేసరికి మిగిలిన వాళ్ళ మీద భారం పెరిగింది. చిన్నదైన మరిన్ ఆ భారం మోయలేదని తేలింది. పైగా గోల్డెన్ గేట్ వంతెన రైలు బరువు మోయగలదా లేదా అని ఇంజనీర్లలో తగాదా, వంతెన యాజమాన్యం ససేమిరా అంది. 1962లో మరిన్ కూడా వెళ్ళిపోయింది.

ఇంతకీ గేజి సంగతి. ఎత్తయిన వంతెన మీద సముద్రపు గాలి విసురుకి తేలికపాటి పెట్టెలు ఊగకుండా ఉండాలంటే పట్టాలు వెడల్పుండాలి. ఈ గేజి ఎంచుకోవడానికి ఎక్కువగా చెప్పుకునే కారణం అది. అయితే ఏ వంతెన కోసం ఆలోచించారో దాని మీదికి రైలు వెళ్ళనే లేదు, వెడల్పు మాత్రం మిగిలిపోయింది! మన భాషలో చెప్పాలంటే, క్లయింటు ఫీచరు వద్దన్నాక కూడా దాని కోసం రాసిన డేటా స్ట్రక్చరు ప్రోగ్రాంలో ఉండిపోయినట్టు. పెట్టెలన్నీ ప్రత్యేకంగా చేయించుకోవాల్సి వచ్చింది. 2018లో యాంటియాక్ దాకా పొడిగించినప్పుడు ఖర్చు తగ్గించడానికి స్టాండర్డ్ గేజి మీద డీజిలు బళ్ళు పెట్టారు. అందుకని మధ్యలో దిగి రైలు మారాలి.

మిగిలిన మూడు కౌంటీలూ 1962 నవంబరులో 79.2 కోట్ల డాలర్ల బాండ్లకు ఓటేశాయి. మామూలుగా మూడింట రెండొంతులు కావాలి. శాసనసభ దాన్ని 60 శాతానికి తగ్గించింది. వచ్చింది 61.2 శాతం. పాత నియమమే ఉండుంటే ఈ రైలు లేదు.

కట్టడంలోనూ అందరికీ ఒకే న్యాయం జరగలేదు. పైన వంతెన లాగా వెళ్తే ఊరు రెండుగా చీలుతుందని బర్కిలీ వాళ్ళు 1966లో తమ మీద తామే పన్ను వేసుకుని లైనుని భూమి కింద వేయించుకున్నారు. అలా వేసుకునే స్తోమత లేని వెస్ట్ ఓక్లండులో నల్లజాతి వాళ్ళ దుకాణాలతో, పాటల క్లబ్బులతో కళకళలాడిన సెవెంత్ స్ట్రీట్ నెత్తి మీద నుంచే లైను పోయింది. ఆ వీధి మళ్ళీ కోలుకోలేదు. ఇప్పుడు ఆ స్టేషను దాటుతుంటే కిటికీలోంచి చూస్తాను.

అన్నిటికంటే నన్ను కూచోబెట్టేసింది సాఫ్ట్‌వేరు వాళ్ళందరూ చదవాల్సిన ముక్క. బార్ట్ రైలుని కంప్యూటర్లే నడపాలన్నది ప్లాను. యోర్ట్స్‌వాంగ్, బ్రూడర్, బ్లాంకెన్‌జీ అని ముగ్గురు ఇంజనీర్లు ఆ కంట్రోలు సిస్టం సరిగ్గా పరీక్షించలేదని పైవాళ్ళకి చెప్పారు. వినలేదు. డైరెక్టర్ల దాకా వెళ్ళారు. 1972 మార్చిలో ముగ్గుర్నీ ఉద్యోగంలోంచి తీసేశారు. సెప్టెంబరు 11న మొదటి రైళ్ళు తిరిగాయి. మూడు వారాలకే, అక్టోబరు 2న ఫ్రీమాంట్ స్టేషన్లో ఆగాల్సిన రైలు ఆగలేదు, లైను చివర దాటి కింద పడింది. కొంతమందికి గాయాలయ్యాయి. ఒక క్రిస్టల్ ఆసిలేటరు చెడిపోయి, నెమ్మదించమని చెప్పాల్సిన చోట వేగం పెంచమని చెప్పిందట. ఆ ముగ్గురి కేసులో ఐట్రిపుల్‌ఈ 1975లో కోర్టుకి తన అభిప్రాయం రాసిచ్చింది, 1978లో వాళ్ళకి అవార్డు కూడా ఇచ్చింది. ఉద్యోగాలు మాత్రం తిరిగి రాలేదు.

ఇది నాన్నకి చదివి వినిపించాను. కాసేపు మాట్లాడలేదు. "సిగ్నల్ చెడిపోవడం తప్పు కాదురా. ఏ వస్తువైనా చెడిపోతుంది. కానీ చెడిపోతే ఎర్రగా చెడిపోవాలి. మాకు మొదటి రోజు నేర్పే పాఠం అది" అన్నారు. నేను రాసే ప్రోగ్రాముల్లో ఎన్ని ఎర్రగా చెడిపోతాయో ఆ రాత్రి లెక్కేసుకున్నాను. పెద్దగా లేవు.

తర్వాతి కథ మనందరికీ తెలిసిందే. వద్దన్న శాన్ మటేయోలో మిల్‌బ్రే దాకా లైను 2003లో వచ్చింది. శాంటా క్లారా కౌంటీ 2000లో అర సెంటు, 2008లో ఇంకో ఎనిమిదో వంతు సెంటు అమ్మకం పన్ను వేసుకుంది. రెండోసారి కావాల్సింది 66.67 శాతం, వచ్చింది 66.78! బెరియెస్సా స్టేషను 2020 జూన్‌లో, సరిగ్గా కోవిడ్ మధ్యలో తెరిచారు. అక్కడి నుంచి శాన్ హోసే మీదుగా శాంటా క్లారాకి ఆరు మైళ్ళు, నాలుగు స్టేషన్లు. 2024 నాటి అంచనా 1,200 కోట్ల డాలర్ల పైమాటే. 1962లో 71 మైళ్ళకు అడిగిన బాండ్లు 79 కోట్లవి. ధరలు పెరిగాయన్నది నిజమే, కానీ ఆలస్యానికి కట్టే వడ్డీ కూడా అందులో ఉంది.

మనవాళ్ళతో ఈ మాటెత్తితే, "మనకి ఓటే లేదు, మనకెందుకు" అంటారు. హెచ్-1 మీద ఉన్నవాడికైనా, గ్రీన్ కార్డు వాడికైనా ఓటు లేని మాట నిజం. కానీ ఇండియన్ స్టోర్సులో కుక్కరు కొన్న ప్రతిసారీ ఆ అమ్మకం పన్ను కడుతూనే ఉన్నాం. ఇంకో సంగతి, ఈ ట్రాన్సిట్ బోర్డుల మీటింగుల్లో ఎవరైనా లేచి మాట్లాడొచ్చు. ఓటుందా అని అడగరు. బస్సు ఏ రూట్లో గంటకోసారి వెళ్ళాలో, ఏ రూట్లో ఎత్తెయ్యాలో తేలేది అక్కడే. మన అమ్మానాన్నల్లాగా కారు నడపలేని వాళ్ళ తరఫున అక్కడ మాట్లాడేవాళ్ళు తక్కువ.

నాన్న వెళ్ళిపోయే ముందు నెలలో ఒంటరిగా బస్సెక్కి వెళ్ళి, మిల్పీటస్‌లో రైలు మారి, శాన్ ఫ్రాన్సిస్కో చూసొచ్చారు. పొద్దున తొమ్మిదింటికి వెళ్ళిన మనిషి సాయంత్రం ఆరింటికి వచ్చారు. అందులో రెండు గంటలు బస్టాపులోనే అయిపోయాయట. అయినా ఆరు నెలల్లో ఆయన ముఖం అంత వెలిగిన రోజు ఇంకోటి లేదు.

వచ్చే నెల మీటింగుకి వెళ్దామనుకుంటున్నాను. చెప్పాల్సింది ఆ రెండు గంటల సంగతే.